గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కు ఒక రాత్రి

పిల్లలూ, భూగోళపటంలో ఉత్తర, దక్షిణ అమెరికాల నడుమ చూడండి. తెగిన దండలోని పూసల్లాగా చిన్న చిన్న దీవులు వంపు తిరిగి వరసగా ఉంటాయి. అది కరీబియన్ సముద్రం. ఆ వరసలో దక్షిణపు కొసన గ్రెనడా, దానికి ఇంకా దక్షిణాన ట్రినిడాడ్ ఉన్నాయి. రెంటికీ మధ్య సుమారు 80 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 150 కిలోమీటర్లు.

జూన్ మొదలు నవంబరు దాకా అక్కడ తుపానుల కాలం. 2004లో వచ్చిన ‘ఐవన్’ తుపాను గ్రెనడాలో ఇళ్ల కప్పులు లేపుకుపోయింది. ట్రినిడాడ్ వైపు పెద్ద తుపానులు రావడం బహు అరుదు. అందుకే తెరచాప పడవలవాళ్లు చాలామంది ఆ నెలల్లో అక్కడికి చేరుకుంటారు. అయితే తరచు రాత్రిపూటే బయలుదేరుతారు!

పగలు పోకూడదా అంటారేమో, లెక్క వేయండి. గంటకు 5 మైళ్ల చొప్పున 80 మైళ్లకు 16 గంటలు. పొద్దున ఆరింటికి బయలుదేరితే చేరేది రాత్రి పదింటికి. కొత్త రేవులోకి, రాళ్ల పక్కనుంచి, చీకట్లో పోవడం చాలా ప్రమాదం. సాయంకాలం అయిదింటికి తెరచాప ఎత్తితే మర్నాడు తొమ్మిదింటికి, మంచి వెలుతురులో చేరవచ్చు. నడిసముద్రంలో చీకటికి భయం లేదు. ఒడ్డు దగ్గర చీకటితోనే భయం.

మీరూ ఆ పడవ ఎక్కారనుకుందాం. గాలి తూర్పునుంచి, అంటే మీ ఎడమ చేతివైపునుంచి వీస్తుంది. పడవ కుడివైపుకు ఒరిగి పోతుంది. పొయ్యిని ఊయలలాగా వేలాడదీస్తారు కనుక టీ గిన్నె మాత్రం ఒలకదు. నీరు కూడా పడమరకే పారుతూ ఉంటుంది. గంటకు ఒక మైలు చొప్పున నెట్టినా, తెల్లవారి చేరేసరికి 16 మైళ్లు పక్కకు పోతాం! అటువైపు ఉన్నది వెనిజువెలా తీరం. అక్కడినుంచి గాలికీ నీటికీ ఎదురు రావాలి. గోదావరి దాటించే పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా పోడు, ఎగువకు పట్టి పోతాడు. ఇక్కడా అంతే. చుక్కాని పట్టినవాడు తూర్పుకు కొంచెం మళ్లించి నడుపుతాడు.

చీకటి పడగానే వంతులు మొదలు. ఒకరు పడుకుంటే ఒకరు కాపలా. మెలకువగా ఉన్నవాడు ఒంటికి కట్టిన పటకా తాడును పడవకు తగిలించుకుని తీరాలి. రాత్రివేళ అలల్లో పడిన మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు.

దూరాన ఓ దీపం కనిపించింది. ఓడకు ఎడమవైపున ఎర్ర దీపం, కుడివైపున పచ్చ దీపం ఉంటాయి. ఎర్రది ఒక్కటే కనిపిస్తే ఓడ మీ ఎడమకు పోతోంది. పచ్చది ఒక్కటే అయితే కుడికి. రెండూ ఒకేసారి కనిపించాయా? అది తిన్నగా మీ మీదికే వస్తోంది! తెరచాపతో పోయే పడవకు మోటారు ఓడ దారి ఇవ్వాలని నియమం ఉంది. కాని అంత పెద్ద ఓడ చటుక్కున మళ్లలేదు. నిద్రపోయేవాణ్ణి లేపి, ముందుగానే తప్పుకోవడం తెలివి.

వెనక్కి తిరిగితే ధ్రువ నక్షత్రం. చేయి చాచి పిడికిలి పట్టండి. దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. గ్రెనడాలో ఆ నక్షత్రం సముద్రపు అంచుకు 12 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దక్షిణానికి పోయినకొద్దీ కిందికి దిగుతుంది. మన హైదరాబాదులో 17 డిగ్రీలు. ఈ రాత్రి మేడ ఎక్కి కొలిచి చూడండి.

తెల్లవారేసరికి ట్రినిడాడ్ కొండలు నల్లగా లేస్తాయి. వాటి పక్కన సన్నని జలసంధులు. 1498లో కొలంబస్ వాటి ఉరవడి చూసి ‘డ్రాగన్ నోళ్లు’ అని పేరు పెట్టాడు. అందులో ఒకదానిగుండా లోపలికి పోతే నీరు చెరువులా నిలకడగా ఉంటుంది.

మన దేశంనుంచి చెరకు తోటల కూలికి ఈ దీవికి వెళ్లినవారి మొదటి ఓడ, ‘ఫతేల్ రజాక్’, కలకత్తానుంచి వచ్చి 1845 మే 30న ఇక్కడికి చేరింది. తరువాత మద్రాసునుంచి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆకలితో దిగినవారికి ఇప్పుడక్కడ వీధిలో ‘డబుల్స్’ అమ్ముతారు: రెండు మెత్తని ‘బారా’ల మధ్య కారం వేసి ఉడికించిన శనగలు.