మా అబ్బాయి వేటకెళ్తానన్నాడు

పిల్లలు ఎదుగుతుంటే వాళ్ళడిగే కొన్నింటికి మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండదు. ఫోను కొనమంటే ఏం చెప్పాలో తెలుసు. ఫ్రెండింట్లో పడుకుంటానంటే ఏమేం ఆరా తీయాలో తెలుసు. పదమూడేళ్ళ మా అబ్బాయి "అమ్మా, ఏప్రిల్లో టర్కీ వేటకి వెళ్తాను" అన్నప్పుడు మాత్రం నాకేం పాలుపోలేదు.

మేముండేది అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలో. చలి తగ్గి చెట్లు చిగురు తొడిగే వేళకి ఇక్కడ అడవి టర్కీ కోళ్ళ వేట మొదలవుతుంది. వాడి స్నేహితుల్లో ఒకడి తాతగారికి ఊరి బయట పొలం, దాన్నానుకుని ఓక్ చెట్ల అడవి ఉన్నాయి. ఆయన మావాణ్ణి కూడా తీసుకెళ్తానన్నారు.

మావారు సరేనన్నారు. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఆదివారం వస్తే ఇంట్లో కోడికూర ఉండనే ఉందిగా. దాని మానాన అది అడవిలో తిరుగుతుంటే చంపడం దేనికమ్మా?" అన్నారు. పైగా పిల్లలకి ప్రత్యేకించిన వేట రోజులు శని, ఆదివారాలు. శనివారం ఆవిడ నీచు ముట్టరు.

నా భయం వేరు. పాపపుణ్యాల కంటే ముందు నా కళ్ళకి తుపాకీ కనిపించింది. వద్దని ఆపేయగలను. కానీ నాలుగేళ్ళు పోయాక నాకు చెప్పకుండా ఎవరితోనో వెళ్తే? అందుకని మూడు షరతులు పెట్టాను. తుపాకీ మన ఇంటికి రాకూడదు, ఆ తాతగారి బీరువాలోనే తాళంలో ఉండాలి. ముందు భద్రతా కోర్సు పాసవ్వాలి. నేను కూడా ఆ కోర్సు చదివి, నీతో అడవికి వస్తాను.

ఇక్కడ 11 ఏళ్ళు నిండిన పిల్లలకి ఆ సర్టిఫికెట్ ఇస్తారు. చంపడం గురించి చెబుతారనుకున్నాను. పాఠాల్లో ఎక్కువ భాగం ఎప్పుడు కాల్చకూడదో చెప్పేవే. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. గొట్టం మనుషుల వైపు తిప్పకూడదు. కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ఎదురుగా ఉన్నదేమిటో, దాని వెనక ఏముందో తేల్చుకోకుండా కాల్చకూడదు.

టర్కీ వేటకి ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. ఆ రంగు బట్టలేవీ వేసుకోకూడదు, లోపలి బనియను, మేజోళ్ళతో సహా. దూరంనుంచి ఇంకో వేటగాడు పక్షి అనుకునే ప్రమాదం ఉంది. కూత వినబడిన వైపు పొంచి పొంచి వెళ్ళకూడదు. ఆ కూత పెడుతున్నది మనిషి కావచ్చు. మన భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోవాలి.

వసంతంలో ఇది జతకట్టే కాలం. మగవాటిని, లేదా రొమ్ము మీద గడ్డంలా వెంట్రుకల కుచ్చు వేలాడే పక్షులనే కొట్టాలని నియమం. వేటగాడు పెట్టలా పిలిస్తే పుంజు వెతుక్కుంటూ రావాలి. ఆ పిలుపుకి చిన్న చెక్కపెట్టె ఒకటి ఉంటుంది, మూత రుద్దితే చప్పుడొస్తుంది. మావాడు దాంతో నెల రోజులు సాధన చేశాడు. వంటింట్లో నూనె వెయ్యని తలుపు తెరిచినట్టే ఉండేది. "ఆ పుంజేమో గానీ, నా ప్రాణం పోయేట్టుంది" అన్నారు అత్తయ్యగారు.

ఆ శనివారం నాలుగింటికే లేచాం. బట్టలకి పిడుదుల మందు ముందే కొట్టి ఆరబెట్టాను. టర్కీకి వాసన పెద్దగా తెలియదట గానీ చూపు, వినికిడి మహా పదును. దోమ వాలినా చెయ్యి కదపకూడదు. తెల్లవారుతుండగా చెట్ల మీద పడుకున్న పుంజులు కూయడం మొదలెట్టాయి. రెక్కలు టపటపమంటూ ఒక్కొక్కటే కిందికి దిగాయి. తాతగారు పెట్టె రెండుసార్లు రుద్ది ఊరుకున్నారు.

గంట గడిచాక ఒక పుంజు వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాసుకుంటూ, సంక్రాంతి బరిలో దిగిన జాతి పుంజులా నడిచింది. మాకు పాతిక ముప్ఫై గజాల దూరం. మావాడి తుపాకీ మోకాలి మీదుంది. నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. కాలుస్తాడు, ఇప్పుడు కాలుస్తాడు అనుకున్నాను. వాడు కాల్చలేదు. పుంజు మెల్లగా పొదల్లోకి వెళ్ళిపోయింది.

తాతగారు ఎందుకని అడిగితే, "దాని వెనకే రెండు పెట్టలున్నాయి కదండీ" అన్నాడు. షాట్‌గన్ తూటాలోంచి సన్నని గుళ్ళు చాలా బయటికొచ్చి చెదురుతాయి. పుంజుకి గురిపెట్టినా పెట్టలకి తగలొచ్చు. నాకు ఆ పెట్టలు కనబడనే లేదు. ఇంట్లో పాల గిన్నె పొంగుతున్నా ఫోనులోంచి తల ఎత్తని పిల్లాడు, అంత ఆత్రంలోనూ వెనక ఏముందో చూశాడు. తాతగారు వాడి భుజం తట్టారు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారికి జరిగిందంతా చెప్పాను. ఈ రాష్ట్రంలో టర్కీలు బాగా తరిగిపోతే 1937లో వేట ఆపేశారనీ, ఉన్నవాటిని వలలేసి పట్టి వేరే అడవుల్లో వదిలి పెంచి, 1960లో మళ్ళీ మొదలుపెట్టారనీ, తుపాకుల మీద వేసే పన్నులో డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి వెళ్తుందనీ కూడా చెప్పాను. మన దేశంలో 1972 చట్టం తర్వాత వేట నేరమైంది కాబట్టి ఆవిడకి ఇదంతా వింతగా ఉంది. "ఏమో తల్లీ, నాకు నచ్చదు. వాడు ఆగాడు చూడు, అది మాత్రం నచ్చింది" అన్నారు.

పెద్దల వేట మొదలయ్యాక తాతగారు తను కొట్టిన పక్షి కాళ్ళు మాకు పంపారు. కొట్టుకోడి కాదు, గట్టి మాంసం. అల్లంవెల్లుల్లి, గసగసాలు, కొబ్బరి వేసి కుక్కర్లో ఉడికించాను. కోడికి మూడు కూతలు చాలు, దీనికి పది దాటినా చాల్లేదు. ఆ రోజు శనివారం కాదు. అత్తయ్యగారు ఒక్క ముక్క రుచి చూసి, పులుసు మాత్రం రెండోసారి వేయించుకున్నారు.

మీ పిల్లలెవరైనా ఇలా అడిగితే సరేనో వద్దో మీ ఇష్టం. కానీ జవాబు చెప్పేముందు ఆ కోర్సు పుస్తకం ఒకసారి మీరు చదవండి. వచ్చే ఏప్రిల్‌కి మావాడు మళ్ళీ వెళ్తానంటున్నాడు. నేనూ వెళ్తాను, ఈసారి ఫ్లాస్కులో కాఫీ కాస్త ఎక్కువ పోసుకుని.