అవ్వ పొడుగు చేతుల రవిక

మా అవ్వ ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల రవికే తొడుక్కుంటుంది. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద పొట్టులాగా రాలే తెల్లటి పొలుసులు. సోరియాసిస్. ఊర్లోవాళ్లు తామర అనుకుంటారు. పోయిన సంవత్సరం ఒక పెండ్లిలో ఒకామె అవ్వ పక్కనుంచి లేచి వేరే పంక్తిలో కూర్చునింది. చిన్నప్పుడు నేనూ అవ్వ గ్లాసు వేరుగా పెట్టేదాన్ని. రాయడానికి సిగ్గుగా ఉంది.

అది అంటుకునే జబ్బు కాదు. చర్మకణాలు పుట్టి రాలడానికి మామూలుగా సుమారు నెల పడుతుంది. ఈ జబ్బులో కొన్ని రోజుల్లోనే అయిపోతుంది, అందుకే పొలుసులు.

హోసూరులో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి 11 వచ్చింది. 20 కంటే తక్కువైతే లోపమంట. సోరియాసిస్ ఉన్న చాలామందిలో అది తక్కువగానే ఉంటుందంట. "అయితే డి మాత్రలు వేసుకుంటే పోతుందా మేడం?" అని అడిగాను. "ఎముకలకు మంచిది. దీనికి అదే మందు అని మాత్రం చెప్పలేం" అన్నారు. కానీ పూసుకోమని రాసిచ్చిన కాల్సిపోట్రియాల్ ఆ విటమిన్‌కు చుట్టమే! 1985లో జపాన్ డాక్టర్లు, ఎముకల కోసం డి మందు వాడిన ఒకరికి సోరియాసిస్ తగ్గిందని రాశారు. అట్లా ఈ దారి దొరికింది.

డి తయారయ్యేది ఎండ తగిలిన చర్మంలో. జనం చూపులకు భయపడి చేతులు కప్పుకున్న మనిషికి ఎండ ఎట్లా తగులుతుంది?

ఇప్పుడు 10 గంటలు దాటాక మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు అవ్వ రవిక చేతులు పైకి మడుస్తుంది. నేను పక్కనే కూర్చుంటాను. ఎవరైనా మెట్లెక్కే చప్పుడైతే ఇంకా గబగబా దించేసుకుంటుంది.