చింతగింజల లెక్క

పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు చాటువులు చెప్పి వెక్కిరించాడంటారు. కోటప్పకొండ కింది ఊళ్లలో ఇప్పుడా కూడు వెతుక్కోవాలి. 1967లో సాగర్ కాలువకు నీళ్లొదిలారు. వరి, పత్తి, మిరప పెరిగాయి. శివరాత్రి తిరునాళ్లకు కదిలే ప్రభల ఎత్తు చూసి ఆ ఏటి మిర్చి ధర చెప్పెయ్యొచ్చని మాలో మాకో పరాచికం.

తిండి, నేల, నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో ఊళ్లు తిరిగి రాసుకోవడం నా పని. ఈ పనికి నా బడి జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్, మిత్రులు 1983లో మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. 1990లలో అక్కడి దళిత మహిళా సంఘాలు బీళ్లు దున్నించి, పండిన జొన్నల్లో కొంత ఊళ్లోనే దాచి, లేనివాళ్లకు చవకగా ఇచ్చాయి. ఎవరు లేనివాళ్లో ఏ అధికారీ తేల్చలేదు. ఊరి పటం నేలమీద గీసుకుని, ఇంటింటి సంగతీ వాదించుకుని ఆ ఆడవాళ్లే తేల్చారు. 2023లో సతీష్ పోయినప్పుడు అందరూ ఆయన చిరుధాన్యాల సేవ తలుచుకున్నారు. నాకు మాత్రం ఆ పటమే గొప్ప. ఆకలిని కొలిచే కుంచం ఆకలిగొన్నవాళ్ల చేతిలో ఉండాలన్నది అక్కడే నేర్చుకున్నాను.

ఆ పాఠంతోనే మా కోటప్పకొండ వైపు మిరప కోతలప్పుడు ఓ కల్లం పక్కన కూలీలతో కూర్చున్నాను. నాకిచ్చిన ఫారంలో ఎకరాలు, క్వింటాళ్లు, పిచికారీలు. దాన్ని మడిచి, చింతగింజలు పోసి, మీ కష్టాలకు మీరే కుప్పలు పెట్టండన్నాను. పురుగుమందు తలనొప్పికి కొన్ని, చేతుల మంటకు కొన్ని. పెద్ద కుప్ప కలుపుమందుకు పడింది.

"కలుపు కూలీ పాయె, కూరా పాయెనమ్మా" అందో పెద్దామె.

గంగపాయల, పొన్నగంటి, చెంచలాకు: కలుపు తీస్తూ ఒళ్లో వేసుకొచ్చినవే రాత్రికి పప్పులోకి. ఇప్పుడు కూలీ దొరికిన రోజే ఆకుకూర కొనుక్కోవాలి. దిగుబడి లెక్కలో ఈ నష్టం ఎక్కడా పడదు.

కౌలు రైతు విని వచ్చాడు. "కౌలు ముందే కట్టా. కలుపుకు మనుషుల్ని పెడితే నాకు మిగిలేదేంది?" అదీ నిజమే. అతనికీ గుప్పెడు గింజలిచ్చాం. అన్నీ కౌలు కింద పోశాడు.

"గట్లన్నా వదిలెయ్ అబ్బాయ్. అక్కడ నీకేం కాస్తది?" అంది పెద్దామె.

కాలువ వైపు గట్టు వదులుతానన్నాడు. మిగతా మూడింటి బేరం తెగకుండానే కూలీల ఆటో హారన్ కొట్టింది.