గాలిలో నీళ్లు, కొండలో ఊట

గాలి నుంచి తాగునీరు తీసే యంత్రాలు వచ్చాయని, ఇక కొండ మీది ఊళ్లకు నీటి కరువు ఉండదని ఈ మధ్య చాలామంది మాతో అంటున్నారు. మా మంచి కోరే అంటున్నారు. అందుకే ఆ మాటను కొట్టిపారేయకుండా బడిలో పిల్లలతో కలిసి లెక్క వేసి చూశాం.

గాలిలో నీళ్లుంటాయన్నది పాడేరు, అరకు, లంబసింగి వైపు మాకు కొత్త సంగతి కాదు. చలికాలం తెల్లవారుజామున కాఫీ తోటలోకి వెళితే వాన లేకుండానే తల తడుస్తుంది. పొగమంచు సిల్వర్ ఓక్ ఆకులకు తగిలి బొట్లు బొట్లుగా రాలుతుంది. దారి పొడిగా ఉన్నా చెట్టు కింద నేల తడిసి ఉంటుంది.

దీని మీదే బతికిన ఆదివాసులు కూడా ఉన్నారు. కానరీ దీవుల్లోని ఎల్ హియెర్రోలో బింబాచె అనే మూలవాసులు గరోయె అనే పెద్ద చెట్టు కింద గుంటలు తవ్వి, మంచు నుంచి రాలే నీళ్లు పట్టుకునేవారు. ఆ చెట్టు 1610లో గాలివానకు కూలిపోయింది. మన కాలంలో చిలీ దేశంలోని చుంగుంగో అనే జాలరుల ఊరు కూడా ఇదే పని చేసింది. పక్క కొండ మీద వలలు కట్టి, మంచును నీరుగా మార్చి, 1992 నుంచి పైపులో ఊరికి దించుకుంది. రోజుకు సగటున పది వేల లీటర్లకు పైగా వచ్చేవి. పదేళ్లు తిరిగేసరికి వలలు బాగు చేసేవాళ్లు లేక ఆ పథకం ఆగిపోయింది.

యంత్రం సంగతి వేరు. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసు మీద చెమ్మ పట్టినట్టే, అది గాలిని చల్లబరిచి నీరు దించుతుంది. 2019 డిసెంబరులో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో 'మేఘదూత్' పేరుతో పెట్టింది అలాంటిదే. రోజుకు వెయ్యి లీటర్లు తీయగలదని చెప్పారు.

ఇక మా లెక్క. తరగతి గది 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. అందులో 108 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 30 డిగ్రీల వేడిలో, తేమ 60 శాతం ఉంటే, ఘనపు మీటరు గాలిలో సుమారు 18 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 10 డిగ్రీలకు చల్లబరిస్తే 9 గ్రాములు గాలిలోనే ఉండిపోతాయి, 9 గ్రాములు నీరవుతాయి. గది గాలంతా పిండితే దాదాపు ఒక లీటరు! పిల్లలు నోళ్లు తెరిచారు. నలభై మందికి తలా రెండు లీటర్లు కావాలంటే రోజుకు ఎనభై గదుల గాలి కావాలి. లీటరుకు అర యూనిట్ చొప్పున చూసినా నలభై యూనిట్ల కరెంటు. గాలివాన వస్తే మా తండాలకు, గూడేలకు రోజుల తరబడి కరెంటే ఉండదు.

ఇంకొక చిక్కు ఉంది. గాలిలో తేమ నిండుగా ఉండేది వానాకాలంలో. అప్పుడు గెడ్డలు పొంగుతుంటాయి. నీళ్లకు కటకటలాడేది ఎండాకాలంలో. 35 డిగ్రీల ఎండలో తేమ 30 శాతానికి పడిపోతే అదే గది గాలి పావు లీటరే ఇస్తుంది. అవసరం పెరిగిన రోజునే యంత్రం చేతికి పని తగ్గుతుంది.

అలాగని ఊట నీళ్లన్నీ మంచివని మేం చెప్పం. ఊటలోకి పశువులు దిగుతాయి. వానలకు బురద చేరుతుంది. ఆ కలక నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో బడి మానేస్తారు. వేసవిలో ఊట సన్నగిల్లితే ఆడపిల్లలు బిందెలతో క్యూలో నిలబడి బడికి ఆలస్యంగా వస్తారు. ఏ యంత్రం గురించి మాట్లాడినా ముందు ఈ పిల్లలు గుర్తుకు రావాలి.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఊట చుట్టూ రాతి గోడ, మూత ఉన్న సిమెంటు తొట్టె, అక్కడి నుంచి పల్లానికి పైపు. నీరు తన బరువుతో తానే దిగుతుంది, కరెంటు అక్కర్లేదు. ఊట పైనున్న వాలులో చెట్లు నరకకుండా, కందకాలు తీసి వాన నీటిని నేలలో ఇంకించాలి. ఆ చెట్లే మంచును కూడా నేలకు దించుతాయి. ఏ కాలంలో ఏ ఊట ఎంత పారుతుందో మా ముసలివాళ్లకు తెలుసు. వాళ్లను అడిగి పని మొదలుపెడితే చాలు. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతిలో ఉండాలని 1996 నాటి పెసా చట్టం కూడా చెబుతోంది.

ఊట ఎండిపోయి, వేరే దారి లేని చోట యంత్రం పెడితే కాదనం. అది కూడా ఊళ్లో పిల్లలకు బాగుచేయడం నేర్పించి పెట్టాలి. చుంగుంగో చెప్పే పాఠం అదే. కానీ ఊట బతికి ఉన్నచోట యంత్రం తెచ్చిపెట్టి, ఇక ఊట అక్కర్లేదు, దాని పైనున్న అడవీ అక్కర్లేదు అనే మాట మాత్రం రాకూడదు. ఈసారి గ్రామసభలో నీళ్ల మాట వచ్చినప్పుడు, మా పిల్లలు వేసిన ఈ లెక్కల కాగితం బల్ల మీద పెట్టి మాట్లాడతాం.