ఇరుంగాట్టుకోట్టైలో గాలి పాఠం

మా చెల్లెలు ఒక పనిమీద పంపితే చెన్నపట్నం వెళ్ళాను. "అన్నయ్యా, నువ్వు చెబితే వింటాడు. ఆ కారు అమ్మించి రా" అన్నది. మా మేనల్లుడు అక్కడ ఇంజనీరు. జీతంలో సగం ఒక పాత కారుకు ధారపోసి, సెలవు రోజుల్లో పందెపు బాటమీద తోలుతున్నాడు. తండ్రిలేని పిల్లవాడు. దాని బెంగ దానిది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు కార్ల సంగతేం తెలుసును? అయినా శనివారం సాయంత్రం నెల్లూరులో రైలెక్కాను.

మర్నాడు పొద్దున్నే వాడి వెంట బయలుదేరాను. బెంగుళూరు రోడ్డున, రామానుజులవారు పుట్టిన శ్రీపెరుంబూదూరు ఇంకా రాకముందే ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. అక్కడ సుమారు 3.7 కిలోమీటర్ల మెలికల బాట ఉంది. 1990లో తెరిచారు. అంతకుముందు పట్నానికి ఉత్తరాన షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధంనాటి విమానాల రన్‌వేమీద పందేలు జరిగేవి. విమానాలు ఎగరడానికి వేసిన చోట, నేలను వదలకూడని కార్లు పరుగెత్తాయన్నమాట!

ఈ మాట వింటే మావాడు నవ్వాడు. "అసలు విద్యంతా అదే మామయ్యా! విమానం రెక్కను తలక్రిందులుగా బిగిస్తే గాలి కారును నేలకేసి నొక్కుతుంది. టైర్ల పట్టు పెరుగుతుంది. మలుపులో వేగం తగ్గించనక్కరలేదు." 1966లోనే అమెరికాలో జిమ్ హాల్ అనే ఆయన తన చాపరల్ కారుమీద స్తంభాలెత్తి రెక్క నిలబెట్టాడట. 1971లో డాన్ గర్నీ రెక్క అంచున బెత్తెడైనా లేని రేకుముక్కను నిలువుగా తగిలించి, నొక్కుడు మరింత పెంచాడట.

ఇక్కడి కుర్రవాళ్ళు అంతంత డబ్బున్నవారు కారు. కారు మూతిక్రింద ప్లైవుడ్ పలక బిగించుకుంటారు. దాన్ని స్ప్లిట్టర్ అంటారు. పైన ఆగిన గాలి పలకను నొక్కుతుంది, క్రిందుగా దూసుకుపోయే గాలి లాగుతుంది. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగింతలు. గాలి అడ్డగింపు కూడా నాలుగింతలే. అందుచేత తిన్నని బాటలో కొంత పోగొట్టుకుని, మలుపులో రాబట్టుకోవాలి. పందెం ప్రక్కవాడితో కాదు, గడియారంతో.

మావాడు వారం రోజులు కూర్చుని కొత్త పలక కోసి బిగించాడు. రెండో చుట్టులో, పెద్ద మలుపు దగ్గర, కారు వెనకభాగం జారింది. నా కళ్ళముందే బొంగరంలా తిరిగి, గడ్డిలో దుమ్ము లేపి ఆగింది. నా గుండె ఆగినంత పనయింది. చెల్లెలి ముఖం కనిపించింది. కారు అమ్మించేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

వాడు నెమ్మదిగా తోలుకొచ్చాడు. దెబ్బలేమీ లేవు. నేను నోరు తెరిచేలోగా డబ్బాలోంచి ఎర్ర ఉన్ని తీసి, జానెడేసి ముక్కలు కత్తిరించి, వెనక అద్దంమీదా రెక్కమీదా వరుసగా అంటించాడు. మళ్ళీ ఒక చుట్టు, ఈసారి జాగ్రత్తగా. స్నేహితుడు తన కారులో వెంటవెళ్ళి ఫొటోలు తీశాడు. చూస్తే, రెక్క చివరల దారాలు తిన్నగా వెనక్కి ఉన్నాయి. నడుమవి మాత్రం పిచ్చిపట్టినట్లు సుళ్ళు తిరుగుతున్నాయి.

"రెక్క పొట్టిగా ఉంది మామయ్యా. కప్పు చాటున పడి మంచిగాలి అందటంలేదు. పలక ముందుభాగాన్ని నొక్కేసింది, వెనక తేలిపోయింది. తప్పు నాదే."

"మరిప్పుడేం చేస్తావు?"

"రెక్క ఎత్తు పెంచాలంటే కొత్త ఆధారాలు చేయించాలి. అందాకా పలక తీసేస్తాను."

తీసేశాడు. వారం రోజుల శ్రమ గోడకు చేరవేశాడు. మధ్యాహ్నం కారు తూలకుండా తిరిగింది గాని, పొద్దుటి చుట్టుకంటే సెకను పైచిలుకు ఆలస్యం. వాడి ముఖం చిన్నబోయింది. అయినా పలకజోలికి పోలేదు. తప్పు తెలిశాక, కష్టపడి చేసిన ముక్కను తానే తీసి ప్రక్కన పెట్టగలిగిన విద్యార్థి నాకు ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఎందరు తటస్థపడ్డారు? అమ్మమనే మాట నా నోట రాలేదు.

ఇంటికి వచ్చి చెల్లెలికి ఏదీ దాచకుండా చెప్పాను, కారు తిరిగిపోవటంతో సహా. అది చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ పలక ఎవరైనా తీయమన్నారా? తనే తీశాడా?"

"తనే తీశాడు."

మళ్ళీ అమ్మకం ఊసెత్తలేదు. లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"గుమ్మానికి తోరణం అల్లుదామని ఎర్ర ఉన్ని దాచుకున్నాను. నెల రోజులుగా వెతుకుతున్నాను. ఈసారి అడిగి తీసుకోమను."