కొండ మన్ను

మా అప్పనపల్లిలో అన్నిటికన్న ఎత్తయిన చోటు ఏటిగట్టు. అది ఎక్కి చూస్తే ఒకపక్క వైనతేయ, మరొకపక్క కొబ్బరితోటలు. ఇక కొండ అంటారా, మావాళ్ళకు తెలిసినది తిరుపతి కొండ ఒక్కటే.

అందుకని మొన్న సంక్రాంతి సెలవులలో అమ్మను, మా ఆవిడను, పిల్లలను వెంటబెట్టుకుని మారేడుమిల్లి వెళ్ళాను. రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే దారిలో సుమారు 85 కిలోమీటర్లు. ఊరి బయట కారు దిగి ఒక వాగు వెంట గంటసేపు నడిచాము. దారి చూపడానికి కొండరెడ్ల కుర్రవాడొకడు తోడు వచ్చాడు.

వెదురుపొదలు, నల్లమద్ది చెట్లు. పైకొమ్మ మీద పిల్లి అంత ఉడుత కనిపించింది. "ఇలాంటివి ఉండగా రాముడికి కోతులెందుకు నాన్నా?" అన్నది మా చిన్నది. తడినేల మీద అడవిదున్న అడుగులు చూసింది మొదలు మా ఆవిడ పిల్లల చెయ్యి వదలలేదు. "రాత్రివండి, భయం లేదు" అని కుర్రవాడు నవ్వాడు.

అమ్మ మాత్రం వాగు ఒడ్డున వంగి చిటికెడు మన్ను తీసి నలిపి చూసింది.

"ఒరే, ఇది మనకు వరదలో వచ్చే ఎర్రమన్నే కదురా!"

నిజమే. ఈ కొండల వాన సీలేరుకు, శబరికి చేరుతుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పాపికొండల మధ్యగా వచ్చి, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన ధవళేశ్వరం దాటి, పాయలుగా చీలి, వైనతేయ పేరుతో మా ఊరిని ఒరుసుకుపోతుంది. కోనసీమ అంతా ఇలా వచ్చి మేటవేసిన ఒండ్రే. కొండ లేని ఊరు అనుకుంటాము గాని, కొండల మన్ను మీదనే కాపురం చేస్తున్నాము.

2008లో పాపికొండల అడవిని జాతీయ వనంగా ప్రకటించారు. పులికి, దున్నకు నీడ దొరికింది. మరి మనుషుల మాట?

"పోలవరంలో నీళ్ళు నిలిస్తే మా చుట్టాల ఊరు మునిగిపోద్దండి" అన్నాడు కుర్రవాడు, ఎవరినీ నిందించకుండా.

ఆ నీళ్ళలో మా డెల్టా కాలవలకూ వంతు ఉన్నది. నాకు మాట తోచలేదు. అమ్మ సంచి విప్పి, ఇంటినుంచి తెచ్చిన కొబ్బరికాయలన్నీ అతని చేతిలో పెట్టింది.

"మీ మన్నులో కాసినవే, తీసుకో బాబూ" అన్నది.

బాకీ తీరిందని ఆమె అనుకోలేదు. తీరేది కూడా కాదు. కాని బాకీ ఉన్నదని మా లంకలవాళ్ళము ముందు తెలుసుకోవాలి.