లివర్‌మోర్ గుడికి ముందొచ్చే మలుపు

ఫ్రీమాంట్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ళని పాతకాపులు మొదటి శనివారం ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పనా? మిషన్ పీక్ ఎక్కిస్తారు. 2,517 అడుగుల కొండ. పైన ఒక స్తంభం పాతి ఉంటుంది. దాన్ని వాటేసుకుని ఫోటో దిగి, ఇండియాలో ఉన్న చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపితేగానీ ఊళ్ళో చేరినట్టు లెక్కలోకి రాదు. మేమూ దిగాం లెండి. కాదనను.

తర్వాత పిల్లలు పుట్టారు. చిన్నాడికి అయిదేళ్ళు నిండగానే, ఇక వీడూ ఎక్కగలడని మా ఆయన తీర్మానించారు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి మూడు మైళ్ళ ఎక్కుడు. సగం కూడా కాకుండానే వాడు దారి మధ్యలో మఠం వేసుకుని కూర్చున్నాడు. "పైన ఏముంది?" అన్నాడు. "వ్యూ ఉంటుంది నాన్నా" అన్నాం. "వ్యూ తింటారా?" అన్నాడు. నీడకి కూర్చుందామంటే ఆ దారిలో చెట్టన్నదే కరువు. చివరికి వాణ్ణి భుజాలమీద ఎక్కించుకుని దిగిన పుణ్యానికి మా ఆయనకి మూడు రోజులు నడుం పట్టేసింది.

ఆ మూడు రోజులూ అమృతాంజనం రాస్తూ నాకు తట్టిన సంగతి ఇదీ: పిల్లలకి శిఖరంతో పనిలేదు. మోకాళ్ళు అరిగిన అమ్మమ్మలకి అసలే లేదు. ఆ రెండు వయసులకీ కావలసింది నీళ్ళు. రాయి వేస్తే బుడుంగుమనాలి, పుల్ల వేస్తే కొట్టుకుపోవాలి. అంటే కొండ కాదు మనం వెతకాల్సింది, కొండ కింద వాగు. అలా దొరికింది మాకు సునోల్.

మీరు బే ఏరియావాళ్ళయితే ఆ మలుపు మీకు తెలియకుండానే తెలుసు. లివర్‌మోర్ శివావిష్ణు ఆలయానికి 680 ఫ్రీవే మీద వెళ్తుంటే కలవెరాస్ రోడ్ అని బోర్డు వస్తుందే, అదే. ఎన్నేళ్ళు దాన్ని దాటుకుంటూ పోయామో! పులిహోర ప్రసాదం అయిపోతుందన్న తొందరలో పక్కకి చూస్తేగా. ఆ రోడ్డు పట్టుకుని కొన్ని మైళ్ళు వెళ్ళి, గియరీ రోడ్‌లోకి తిరిగితే, రోడ్డు చివర పార్కు. అక్కడికి చేరేసరికి ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. దీన్ని లోపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సునోల్‌ని రీజినల్ పార్కు అంటారు. ఊళ్ళో ఉయ్యాలా జారుడుబల్లా ఉండే పార్కు కాదు, అలాగని యోసెమైటీలాంటి నేషనల్ పార్కూ కాదు. ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్ అనే సంస్థ చేతిలో ఇలాంటివి డెబ్బైకి పైగా ఉన్నాయి, 1,25,000 ఎకరాల దాకా. ఆ సంస్థ పుట్టిన సంవత్సరం చూస్తే నాకు ఇప్పటికీ వింతే. 1934. బ్యాంకులు మునిగి, ఉద్యోగాలు ఊడి, జనం ఉచిత సూప్ కోసం బారులు తీరిన కాలం. అలాంటప్పుడు బే తూర్పుగట్టు ఊళ్ళవాళ్ళని, కొండలు కాపాడుకుందాం, ఆస్తి విలువలో వంద డాలర్లకి అయిదు సెంట్ల పన్ను కడతారా అని అడిగితే, నూటికి డెబ్బైమంది పైగా కడతామని ఓటేశారు. చేతిలో డబ్బున్నప్పుడు మనం ఏం కొంటామో చూసుకుంటే, చేతిలో లేనప్పుడు వాళ్ళు కొన్నది ఇదీ. పార్కింగ్ దగ్గర అయిదు డాలర్లు ఇమ్మంటే గొణిగే మా ఆయనకి ఈ కథ చెప్పాను. గొణగడం మానలేదనుకోండి, గొంతు మాత్రం తగ్గించారు.

పోయిన మార్చిలో మా అమ్మని తీసుకెళ్ళాం. మాది ఏలూరు. మా అమ్మకి వాగంటే తమ్మిలేరే. ఎండాకాలం ఇసక, వరదొస్తే ఊరి గుండెల్లో రైళ్ళు. పార్కింగ్ పక్కనున్న వంతెనమీద నిలబడి అలమీడా క్రీక్‌ని ఎగాదిగా చూసి, "ఇదీ మనదాని తోబుట్టువే" అని తేల్చేసింది. తప్పేం కాదు. ఈ వాగూ చలికాలం వానలకి ఉరకలేస్తుంది, ఆగస్టు వచ్చేసరికి చాలాచోట్ల గుంటల్లో నిలిచిన నీళ్ళే మిగుల్తాయి. అమ్మకి బుర్రకెక్కనిది మరొకటి. "చలికాలంలో వానలేమిటే? వేసవిలో చుక్క పడదా?" పడదు. ఇక్కడ కొండలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా వరిచేలంత పచ్చగా ఉండి, మే నుంచి గడ్డివాము రంగుకి తిరుగుతాయి. ఇక్కడివాళ్ళు దాన్ని బంగారు రంగంటారు. మా అమ్మ ఎండుగడ్డి అంటుంది. ఎవరికి తగ్గ మాట వాళ్ళది.

వంతెన దాటాక క్యాంప్ ఓలోనీ రోడ్ అని వెడల్పాటి మట్టిబాట. వాగు పక్కనే సాగుతుంది. మైలు దూరంలో లిటిల్ యోసెమైటీ. పేరు విని మోసపోకండి. జలపాతాలు వెయ్యి అడుగుల నుంచి దూకవు. ఇరుకు లోయలో ఇల్లంత బండరాళ్ళు, వాటి సందుల్లోంచి చిన్న చిన్న దుముకులుగా నీళ్ళు. అంతే. అసలు యోసెమైటీని ఎవరో ఉతికితే కుంచించుకుపోయినట్టుంటుంది. పిల్లల కొలతకి అదే సరిగ్గా సరిపోయింది. అక్కడ నీళ్ళలోకి దిగనివ్వరు, రాళ్ళు నాచుపట్టి జారతాయి. ఆట అంతా కింద, వంతెన దగ్గర నీళ్ళు పలచగా పారేచోట ఆడించుకోవాలి.

దారిలో ఒక కంచె గేటు వస్తుంది. తీసినవాళ్ళే వెయ్యాలి, ఎందుకంటే ఈ కొండలమీద ఆవులు మేస్తాయి. పార్కువాళ్ళే మేపిస్తారు. గడ్డి ఎత్తుగా ఎండిపోతే వేసవిలో నిప్పురవ్వ చాలు కదా, కొండ అంటుకోవడానికి. ఆవుని చూడగానే మా అమ్మ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. తర్వాత ఒంగోలు జాతిని ఎరిగినదాని చూపుతో ఒకసారి పరకాయించి, "మూపురం లేదు, గంగడోలు లేదు, ఇదేం ఆవే?" అంది. దూడ పక్కనుంది, దగ్గరికి పోవద్దన్నాను. "ఆ మాత్రం నాకు తెలీదూ, నువ్వు పుట్టకముందు నుంచీ పాలు పితికాను" అని నాకే చీవాట్లు.

అసలు గండం వచ్చింది ఆవుతో కాదు, ఆకుతో. బాట పక్కన ఓ పొద, నిగనిగలాడే లేతాకులు, ఒక్కో తొడిమకి మూడేసి. అమ్మ మొహం వెలిగిపోయింది. "మారేడు దళం!" అంటూ చెయ్యి చాచింది. నేను అరిచిన అరుపుకి ఆవు కూడా తలెత్తింది. అది పాయిజన్ ఓక్. పేరులో ఓక్ ఉంది కానీ ఓక్ చెట్టు కాదు. దాని ఆకులో, కొమ్మలో ఉరుషియాల్ అని ఒక జిడ్డు ఉంటుంది. ఒంటికి తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రటి దద్దుర్లు, నీటిపొక్కులు. చలికాలం ఆకు రాలిపోయి ఉత్తి పుల్లలు మిగిలినా ఆ పుల్ల కూడా పొక్కిస్తుంది. ఆ జిడ్డు కుక్క బొచ్చుకి అంటుకుని ఇంటిదాకా వస్తుంది.

ఇదంతా అమ్మకి చెప్తే నమ్మేట్టు లేదు. మామిడికాయ ముచిక తుంచినప్పుడు చిమ్మే జీడి పెదాలకి తగిలితే ఎలా కాలుతుంది? అదే తంతు అన్నాను. నిజానికి పోలిక కాదు, చుట్టరికమే. మామిడి, జీడిమామిడి, చాకలి బట్టలమీద చెరగని గుర్తు పెట్టే నల్లజీడి, ఈ పాయిజన్ ఓక్, అన్నీ ఒకే కుటుంబం. జీడిమామిడి పిక్కలు వలిచేవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది ఆ కుటుంబం తత్వం. అప్పుడు అమ్మకి పూర్తిగా అర్థమైంది. "మామిడి చుట్టమా? అయితే దూరంగానే ఉందాం" అని, పిల్లలకి అప్పటికప్పుడు ఒక పాఠం కట్టింది. మూడాకులుంటే ముట్టుకోవద్దు. అమెరికా స్కూళ్ళలో ఇంగ్లీషులో నేర్పే మాటా ఇంచుమించు ఇదే. మా పెద్దది రెండూ కలిపి పాడుకుంటూ నడిచింది. మీరు వెళ్తే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, తగిలిందని అనుమానమొస్తే వెంటనే సబ్బుతో కడగండి, ఇంటికొచ్చాక ఆ బట్టలు విడిగా ఉతకండి. గడ్డిలో కూర్చుంటే గోమార్లు కూడా ఎక్కుతాయి, పిల్లల చెవుల వెనక, మెడమీద తడిమి చూసుకోండి. రాటిల్‌స్నేకులూ ఉంటాయి. బాట వదలకపోతే చాలు, వాటి పని వాటిది.

తినే వేళకి ఓ పెద్ద ఓక్ చెట్టు కింద చేరాం. దద్దోజనం, బంగాళాదుంప వేపుడు. పైన వడ్రంగిపిట్టలు. ఆ పిట్టలు చెట్టు మానుకి వందలకొద్దీ చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో ఓక్ కాయ బిగించి దాచుకుంటాయి. చిన్నాడు లెక్కపెడుతూ అరవై దగ్గర తప్పి మళ్ళీ మొదలెట్టాడు. ఈ నేలమీద వేల ఏళ్ళుగా ఉన్న ఓలోనీ జనానికీ ఆ కాయలే తిండి. దంచి పిండి చేసి, వగరు పోయేదాకా నీళ్ళు పోసి పోసి కడిగి, జావ కాచుకునేవారు. "అరటిపువ్వుని మజ్జిగలో వెయ్యమూ? అంతే" అంది అమ్మ, అందులో వింతేముందన్నట్టు. ఓలోనీవాళ్ళు ఇప్పటికీ ఇక్కడున్నారని, వాళ్ళ వంట వాళ్ళు మళ్ళీ వండుకుంటున్నారని చెబితే మాత్రం నమిలేది ఆపి విన్నది.

తిరుగు దారిలో కొండవాలున పోయే కాన్యన్ వ్యూ అనే బాట ఎక్కుదామని మా ఆయన ఉబలాటపడ్డారు. పెద్దదాన్ని తీసుకుని ఆయన అటు, నేనూ అమ్మా చిన్నాడూ వాగు వెంట ఇటు. ఏ కుటుంబంలోనైనా కొండవాళ్ళూ వాగువాళ్ళూ ఉంటారు. ఎవరి దారిన వాళ్ళని పోనిస్తే కారు దగ్గర కొట్లాటలుండవు. మేం వంతెన దగ్గర గంటసేపు రాళ్ళు వేశాం. చిన్నాడు బూట్లతో సహా నీళ్ళలో నిలబడ్డాడు. మార్చి నీళ్ళు, చల్లగా జివ్వుమన్నాయి. జేబులో రెండు గులకరాళ్ళు వేసుకుంటే, ఎక్కడివక్కడే ఉండాలని తీయించాను. ఒకటి అమ్మ గుప్పిట్లో దాక్కుందని నాకు అనుమానం. అడగలేదు.

వాగు ఎక్కడికి పోతుందే అని కారులో అడిగింది అమ్మ. పడమటకి తిరిగి నైల్స్ కాన్యన్‌లోంచి పోతుంది. చార్లీ చాప్లిన్ 1915లో 'ది ట్రాంప్' సినిమా చివర, వెనక్కి తిరిగి దారిన పోతాడు చూడండి, అది ఆ లోయలోనే తీశారు. అక్కణ్ణించి ఫ్రీమాంట్‌లోకి దిగి, పన్నెండు మైళ్ళు గట్ల మధ్య నడిచి బేలో కలుస్తుంది. అమ్మ రోజూ సాయంత్రం పక్కింటి పిన్నిగారితో కలిసి వాకింగ్ చేసేది ఆ గట్టుమీదే. దాన్ని ఇన్నాళ్ళూ ఏదో మురుగుకాలవ అనుకుంది పాపం.

"అదీ ఇదీ ఒకటేనా?"

ఒకటే. అందులో కొంత నీళ్ళు ఊళ్ళో భూమిలోకి ఇంకిస్తారని, బావుల్లోంచి తోడి శుభ్రంచేసి కుళాయిల్లోకి వదుల్తారని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తే, తాగకుండా చిన్నాడి తడిసిన బూట్లవైపు చూస్తూ కూర్చుంది.